అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి: మా పాప బడిలో ఫెయిర్‌ట్రేడ్, నా పది నెలలు

2025 జనవరి 15, బుధవారం. బడి సంచి అడుగున నలిగిపోయి, అరటిపండు గుజ్జు అంటుకున్న కాగితం ఒకటి దొరికింది. బడిలో ఫెయిర్‌ట్రేడ్ (పండించేవాళ్లకు న్యాయమైన ధర దక్కాలనే ఏర్పాటు) బృందం పెడుతున్నారట, తల్లిదండ్రుల్లో ఒకరు సాయం రావాలట, బుధవారాలు మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఇరవై అయిదు నిమిషాలే పనట. మడిచి చెత్తబుట్టలో వేయబోతే మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నీ పేరు ఇచ్చేశా" అంది.

మేముండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్ శివార్లలో. పాపకు తొమ్మిదేళ్లు, అప్పుడు ఇయర్ 5. నాకు పార్ట్‌టైమ్ ఉద్యోగం, బుధవారం సెలవు. ఆ సంగతి టీచరమ్మకు కూడా చెప్పేసిందన్నమాట. మీ పిల్లలూ ఇలాంటి కాగితం తెస్తే లోపల ఏం జరుగుతుందో తెలియాలని ఇదంతా రాస్తున్నాను. ఇరవై అయిదు నిమిషాలన్న మాట మాత్రం నమ్మకండి.

మొదటి చిక్కు అరటిపళ్లతోనో చాక్లెట్లతోనో కాదు, గుర్తింపు కాగితాలతో వచ్చింది. బడిలో పిల్లలతో పనిచేయాలంటే డీబీఎస్ తనిఖీ, అంటే మన మీద పాత నేరాలేమైనా ఉన్నాయా అని చూసే తనిఖీ, కావాలన్నారు. వాలంటీర్లకు ఫీజు లేదు, అది మంచిదే. కానీ చిరునామా రుజువు కావాలి. మా ఇంట్లో కౌన్సిల్ ట్యాక్స్, కరెంటు, నీళ్లు, అన్ని బిల్లులూ మా ఆయన పేరు మీదే ఉన్నాయి. ఎనిమిదేళ్లుగా ఈ ఇల్లు నడుపుతున్నది నేనే అయినా నేనిక్కడ ఉంటున్నానని చెప్పే కాగితం ముక్క ఒక్కటి లేదు. బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ పోస్టులో తెప్పించుకునేసరికి పది రోజులు, తనిఖీకి ఇంకో రెండు వారాలు. (ఈ రాసింది చదివే అక్కచెల్లెళ్లు ముందు ఒక బిల్లు మీ పేరు మీదికి మార్పించుకోండి. ఫెయిర్‌ట్రేడ్ కోసం కాకపోయినా సరే.)

ఫిబ్రవరి 12న మొదటి సమావేశం. ఎనిమిది మంది పిల్లలు, ఒక టీచరు, ఆఫీసులో పనిచేసే ఆవిడ, నేను. బృందంలో కనీసం సగం మంది పిల్లలే ఉండాలని టీచరు చెప్పారు. మా దగ్గర పదకొండింట ఎనిమిది ఓట్లు వాళ్లవే. ఇదేదో ముచ్చటకని అనుకున్నాను గానీ, పిల్లలు నిజంగానే ఓట్లేసి మమ్మల్ని ఓడించేవాళ్లు. అధ్యక్షుడు ఇయర్ 6 అబ్బాయి. ఎవరైనా ఎక్కువ మాట్లాడితే చిన్న గంట కొడతాడు. నా మీద చాలాసార్లు కొట్టాడు.

బడులకు మూడు మెట్లు ఉంటాయట: ఫెయిర్‌అవేర్, ఫెయిర్‌యాక్టివ్, ఫెయిర్‌అచీవర్. మొదటి మెట్టు అంటే తెలుసుకోవడం. పిల్లలు చేసిన మొదటి పని ఎవరి వంటింట్లో వాళ్లు సోదా చేయడం. నీలం, ఆకుపచ్చ రంగుల మధ్య చెయ్యెత్తిన మనిషిలా కనిపించే ఆ గుర్తు ఎన్ని వస్తువుల మీద ఉందో లెక్కపెట్టి రావాలి. మా పాప కుర్చీ ఎక్కి అల్మరాలన్నీ వెతికింది. ఇండియన్ షాపులో కొన్న టీపొడి మీద లేదు. బెల్లం మీద లేదు, బియ్యం మీద లేదు. చివరికి ఆఫీసులో ఎవరో ఇచ్చిన టీ డబ్బా మీద కప్ప బొమ్మ కనిపిస్తే ఎగిరి గంతేసింది. తీరా చూస్తే అది రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ అనే వేరే సంస్థ గుర్తు. ఫెయిర్‌ట్రేడ్‌లో చాలా పంటలకు ఇంతకంటే తక్కువకు కొనకూడదని ఒక కనీస ధర ఉంటుంది, దాని మీద పండించేవాళ్ల సంఘానికి ప్రీమియం అని కొంత సొమ్ము వెళుతుంది. కప్ప గుర్తుకు ఆ కనీస ధర లెక్క లేదు. "మరి కప్ప ఎందుకు నవ్వుతోంది?" అని అడిగింది. మా ఇంటి మార్కు సున్నా. గంట అబ్బాయి ఇంట్లో మాత్రం ఏడు దొరికాయి. కానీ కిట్‌క్యాట్ మీద గుర్తు ఉంటుందని వాళ్ల నాన్న పందెం కాసి ఓడిపోయాడట. పాపం, ఆయన తప్పు లేదు, 2010 నుంచి 2020 దాకా ఇక్కడ దాని మీద ఆ గుర్తు ఉండేది.

మార్చి 5న తరగతిలో ఒక ఆట ఆడించారు. చాలా బడుల్లో ఆడిస్తారట. ఒక అరటిపండు ముప్పై పెన్నీలు. పిల్లలు అయిదు గుంపులు: తోటలో కూలీలు, తోట యజమాని, ఓడ వాళ్లు, దిగుమతి చేసి మాగబెట్టేవాళ్లు, దుకాణం. ఎవరి కష్టం ఎంతో చెప్పుకుని ఎవరి వాటా వాళ్లు అడగాలి. అందరూ అడిగింది కూడితే డెబ్బై పెన్నీలు దాటింది. మా పాప కూలీల గుంపులో ఉంది, పది అడిగింది. మందులు కొట్టేది మేము, గెలలు మోసేది మేము, మాకు పది కూడా ఇవ్వరా అని గట్టిగానే వాదించింది. అప్పుడు టీచరు ఆటలోని లెక్క బోర్డు మీద రాశారు. దుకాణానికి పదమూడు, దిగుమతిదారుకు ఏడు, యజమానికి అయిదు, ఓడకు నాలుగు, కూలీకి ఒకటి. మా అమ్మాయి కళ్లలో నీళ్లు. ఆట అని తెలిసినా నాకూ గొంతులో ఏదో అడ్డం పడింది.

అయితే నాకు నచ్చింది ఆ ఆట కాదు, మర్నాటి లెక్కల పీరియడ్. ఫెయిర్‌ట్రేడ్ అరటిపళ్ల పెట్టె 18.14 కిలోలు, పెట్టెకు ప్రీమియం ఒక డాలరు. పిల్లలు త్రాసు తెచ్చి పళ్లు తూచారు. ఒక్కోటి నూట ఎనభై గ్రాముల చిల్లర. అంటే పెట్టెకు సుమారు వంద పళ్లు, పండుకు ఒక సెంటు. "అంతేనా?" అన్నారు పిల్లలు. ముఖాలు వాడిపోయాయి. టీచరు కప్పిపుచ్చలేదు. అంతే, కానీ వేల పెట్టెలు వెళ్లే సంఘానికి అది బావో బడో అవుతుంది, దాన్ని దేనికి ఖర్చుపెట్టాలో వాళ్లే ఓటేసుకుంటారు అని చెప్పారు. ఓటు మాట వినగానే గంట అబ్బాయి కొంచెం తేరుకున్నాడు.

అసలు పాట్లు తర్వాత మొదలయ్యాయి. బడి మొత్తం ఫెయిర్‌ట్రేడ్ చేసేద్దామని పిల్లలు తీర్మానం చేశారు. ఒక్కొక్కటే చూస్తూ పోతే బడి చేతిలో ఉన్నది ఎంత తక్కువో తెలిసింది. మధ్యాహ్న భోజనం బయటి క్యాటరింగ్ కంపెనీది. చిన్న తరగతుల వాళ్లకు ఇచ్చే పళ్లు ప్రభుత్వ పథకం కింద వచ్చేవి, వాటిని బడి ఎంచుకోదు. యూనిఫాం దుకాణం వేరే వాళ్లది. చాక్లెట్ అమ్ముదామంటే బడి వేళల్లో చాక్లెట్ నిషేధం. ఇంటి నుంచి డబ్బాలో తెచ్చుకున్నా ఊరుకోరు. మిగిలింది టీచర్ల గదిలో టీ!

క్యాటరింగ్ కంపెనీకి పిల్లలు చేత్తో ఉత్తరం రాశారు. మార్చి 10న పంపితే జవాబు ఏప్రిల్ 30న వచ్చింది. ఏడు వారాలు. ప్రతి బుధవారం "వచ్చిందా?" అన్నదే మొదటి ప్రశ్న. వచ్చిన జవాబులో మూడు పేరాల ధన్యవాదాలు, ఒక వాక్యంలో "ప్రస్తుత ఒప్పందంలో వీలుకాదు". పిల్లలు దాన్ని బోర్డుకు గుచ్చి, ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందని మళ్లీ రాశారు. దానికి ఈ రోజుకీ జవాబు లేదు.

టీ సంగతి మాత్రం గెలిచాం. మే నెలలో మూడు ఫ్లాస్కుల్లో మూడు రకాల టీ పోసి, పేర్లు దాచి టీచర్లకు రుచి చూపించారు. రెండింటి మీద ఫెయిర్‌ట్రేడ్ గుర్తు, ఒకటి ఎప్పటిదే. ఎప్పటి టీ తప్ప ముట్టనన్న మాస్టారు మిగతా రెండింట్లో ఒకదానికి ఓటేశారు. ఆయన మొహం చూసి పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆఫీసావిడ లెక్క కట్టి నెలకు నాలుగు పౌండ్లు ఎక్కువవుతుందని చెప్పారు. హెడ్ టీచర్ సరేనన్నారు. ఈలోగా ఫెయిర్‌అవేర్ సర్టిఫికెట్ వచ్చింది. మార్చి చివర్లో దరఖాస్తు పెడితే మూడు వారాల్లో వచ్చింది, పైసా ఖర్చు లేదు.

మే 10, శనివారం. ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ దినం. కమ్యూనిటీ హాల్లో ఒక బల్ల అద్దెకు తీసుకున్నాం, పది పౌండ్లు. బడిలో అమ్మలేని చాక్లెట్ ఇక్కడ అమ్మొచ్చు కదా అని అరవై బార్లు కొన్నాం, 96 పౌండ్లు. డబ్బు తల్లిదండ్రుల సంఘం అప్పుగా ఇచ్చింది. బారు రెండు పౌండ్లకు అమ్మాలి. ఆ రోజు ఎండ కాసింది. ఈ దేశంలో ఎండ కాస్తే సంతోషించని వాళ్లం మేమొక్కళ్లమే. బల్ల కిటికీ పక్కన. పన్నెండయ్యేసరికి చాక్లెట్లు మెత్తబడ్డాయి. నలభై ఒకటి అమ్ముడయ్యాయి, 82 పౌండ్లు. అద్దెతో కలిపి 24 పౌండ్ల నష్టం. మిగిలిన పందొమ్మిది మా ఫ్రిజ్‌లోకి. "నష్టం ఎవరు కట్టాలి?" అని పిల్లల్లో ఒకరు అడిగితే ఎవరూ మాట్లాడలేదు. చివరికి నేనూ టీచరూ చెరి సగం పెట్టుకున్నాం.

ఆ రోజు నాకు గుర్తుండేది ఒక ముసలావిడ. ఎనభై దాటి ఉంటాయి. వచ్చి పిల్లల బల్ల ముందు నిలబడి, మీకంటే ముందు ఇది చేసింది మేమే అంది. చర్చి అయిపోయాక, ఇలాంటి సరుకులే అమ్మే ట్రెయిడ్‌క్రాఫ్ట్ అనే సంస్థ కేటలాగు, కాఫీ పొట్లాలు పట్టుకుని గుమ్మంలో నిలబడేదట. "ఆ రోజుల్లో ఆ కాఫీ ఎంత చేదో! పుణ్యం కోసం తాగేవాళ్లం" అని నవ్వింది. ఆ సంస్థ 1979లో పుట్టి 2023లో మూతపడింది. ఆవిడ చాక్లెట్ కొనలేదు, చక్కెర జబ్బట. పిల్లల డబ్బాలో అయిదు పౌండ్ల నోటు వేసి వెళ్లింది. నష్టం లెక్కలో అది కలపలేదు, పిల్లలు ఒప్పుకోలేదు.

జూన్‌లో వీధి చివరి దుకాణం. గుజరాతీ అంకుల్‌ది, ఇరవై ఏళ్ల దుకాణం. ఇద్దరు పిల్లలు చేతిలో కాగితం పట్టుకుని ఫెయిర్‌ట్రేడ్ టీ పెట్టమని అడిగారు. ఆయన పూర్తిగా విన్నాడు. "సూపర్ మార్కెట్‌లో వాళ్లు అమ్మే ధరకు నాకు హోల్‌సేల్‌లో కూడా దొరకదు. నాకు ఫెయిర్ ఎవరు చేస్తారు బేటా?" అన్నాడు. పిల్లల దగ్గర దీనికి జవాబు లేదు, నా దగ్గరా లేదు. అయినా పన్నెండు పెట్టెలు తెప్పించాడు. పిల్లలు రంగు పెన్సిళ్లతో అట్టముక్క రాసి తగిలించారు. సెప్టెంబరుకు అయిదు అమ్ముడయ్యాయి. వాటిలో రెండు నేను కొన్నవే.

ఫెయిర్‌ట్రేడ్ పక్షం, అంటే దాని గురించి ఈ దేశమంతా ప్రచారం చేసే రెండు వారాలు, 2025లో సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 5 దాకా. సెప్టెంబరు 21నే ఎంగిలిపూల బతుకమ్మ. మా ఊళ్లో తెలంగాణ వాళ్లం 27, శనివారం సాయంత్రం బడి హాల్లోనే బతుకమ్మ పెట్టుకున్నాం. మా పాప ఊరుకుంటుందా? నిర్వాహకులకు చక్కగా తెలుగులో ఉత్తరం రాసింది, అక్షరదోషాలతో సహా. "దయచేసి మంచి టీ పెట్టండి." టీ కాచే అన్న ఫోన్ చేసి, మా టీ మంచిగుండదని ఎవరు చెప్పిండ్రు అని అలిగాడు. ఆయన్ను సముదాయించి రెండు పెట్టెలు కొన్నాను, పెట్టెలో 240 టీ బ్యాగులు. ఎప్పటి టీపొడి కంటే ఆరు పౌండ్లు ఎక్కువ పడింది. తీసుకెళ్లి చూపిస్తే అన్న నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు. "వదినా, బ్యాగులతోని చాయ్ ఎట్ల కాస్తరు? పాలల్ల మరగాలె గద!"

నిజమే. ఇది నాకు తట్టనే లేదు. ఇక చేసేదేముంది, బతుకమ్మ పేర్చడం అయిపోయిన ఆడవాళ్లం ఆరుగురం పట్టుచీరల్లో కూర్చుని కత్తెరలతో టీ బ్యాగులు కత్తిరించాం. ఒక్కొక్కటి మూల కోసి పొడి గిన్నెలో దులపాలి. దుమ్ము ముక్కుల్లోకి పోయి ఒకటే తుమ్ములు. దాదాపు నాలుగు వందలు కత్తిరించాం. చాయ్ మాత్రం చిక్కగా వచ్చింది. రెండు వందల మందిలో అదేం చాయ్ అని అడిగినవాళ్లు ముగ్గురో నలుగురో. మిగతావాళ్లు సత్తుపిండి ముద్దలు తింటూ తాగేసి వెళ్లారు. పిల్లలు పెట్టిన పోస్టరు ముందు ఎక్కువ మంది నిలబడింది మాత్రం నిజం, ఎందుకంటే చెత్తడబ్బా దాని పక్కనే పెట్టారు.

దానికి ముందు రోజు, 26, శుక్రవారం జరిగింది చెప్పాలి. పక్షంలో ఒక రోజు ఉదయం అసెంబ్లీలో నిజమైన రైతుతో పిల్లలు మాట్లాడాలని టీచరు అనుకున్నారు. మా పాప మా తాత ఉన్నాడంది. మా నాన్నది ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ వైపు పల్లె. ఆరెకరాల పత్తి. ఆయన ఫెయిర్‌ట్రేడ్ రైతు కాదని ముందే చెప్పాను. "అయితే ఇంకా మంచిది" అన్నారావిడ.

బడి వైఫైలో వాట్సాప్ పనిచేయదని ఆ ఉదయమే తెలిసింది. నా ఫోన్ డేటాతో కలిపి, పుస్తకాలు పెద్ద తెర మీద చూపించే కెమెరా కింద ఫోన్‌ను పడుకోబెట్టారు. మైకు ఫోన్‌కు ఆనించి నేను పట్టుకున్నాను. ఇక్కడ తొమ్మిది దాటి పది నిమిషాలు, అక్కడ మధ్యాహ్నం రెండు కావస్తోంది. మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన కొత్త తువ్వాలతో చేనులో నిలబడ్డాడు. ఇన్నేళ్లలో చేనుకు ఇస్త్రీ చొక్కాతో వెళ్లడం ఆయనకు అదే మొదటిసారి అయ్యుంటుంది. రెండు వందల మంది పిల్లలు రాగం తీస్తూ గుడ్ మార్నింగ్ చెబితే చేతులెత్తి దండం పెట్టాడు. పచ్చికాయ ఒకటి తెంపి, గోటితో చీల్చి, లోపల తడిగా, తెల్లగా మడత పడి ఉన్న దూదిని చూపించాడు. హాలంతా నిశ్శబ్దం.

ఒక పాప అడిగింది: "మీ పత్తికి ధర మీరే పెడతారా?" నేను తెలుగులో చెప్పాను. నాన్న పకపకా నవ్వాడు. "నేనా? కొనెటోడు జెప్తడు. ఇత్తనం కొనవోతె అమ్మెటోడు జెప్తడు. అమ్మబోతె అడివి, కొనబోతె కొరివి బిడ్డా."

మైకు నా చేతిలో ఉంది. దీన్ని ఇంగ్లీషులో ఏమని చెప్పను? ఫారెస్ట్ అంటే ఈ పిల్లలకు వారాంతం వానబూట్లు వేసుకుని వెళ్లే అందమైన చోటు. కొరివి అంటే వీళ్ల ఇళ్లలో పొయ్యి ఏది? తడబడి, అమ్మేటప్పుడు అడవిలో ఊరికే దొరికే కట్టెపుల్ల, కొనేటప్పుడు చెయ్యి కాలే కట్టె అని చెప్పాను. వెనక వరసలో చిన్నవాడొకడు చెయ్యెత్తాడు. "రెండూ ఒకటే కట్టెనా?" నాన్నకు చెప్పాను. ఆయన వెంటనే నవ్వలేదు. "గంతే బిడ్డా. కట్టె ఒక్కటే" అన్నాడు.

గంట అబ్బాయి అప్పటికే పెద్ద బడికి వెళ్లిపోయాడు, ఆ స్థానంలో మా పాపే ఉంది. తర్వాత తను వేసుకున్న చొక్కా పట్టుకుని ఇందులో తాతకు ఎంత వస్తుందని లెక్క అడిగింది. ముందు రాత్రి మేమిద్దరం వేసిన లెక్కే. పిల్లల చొక్కాకు గింజతో ఉన్న పత్తి అరకిలో పైచిలుకు కావాలి, గింజ తీస్తే దూది మూడో వంతే మిగులుతుంది గనక. అప్పటి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. అంటే చొక్కాకు నలభై అయిదు రూపాయలు దాటదు, ఇక్కడి డబ్బులో నలభై పెన్నీల లోపు. బడి ముద్ర ఉన్న చొక్కా పదకొండు పౌండ్లు. నిరుడు మా నాన్నకు ఆ మద్దతు ధర కూడా పూర్తిగా పడలేదు. తేమ ఉందని సగం పత్తి బయటి వ్యాపారికి 6,600కు ఇచ్చాడు. ఆ మాట అసెంబ్లీలో చెప్పొద్దని నాకు ముందే చెప్పాడు, పరువు తక్కువట.

ఆ రాత్రి నాన్న తిరిగి ఫోన్ చేశాడు. "బిడ్డా, ఆ గుర్తు మాకెట్ల వస్తది?" చదివినంత చెప్పాను. ఒక్కరికి ఇవ్వరు, సంఘంగా ఉండాలి. మన ఆదిలాబాద్ వైపు గిరిజన రైతులతో సేంద్రియ ఫెయిర్‌ట్రేడ్ పత్తి పండించే చేతనా ఆర్గానిక్ లాంటివి ఉన్నాయి. కానీ జన్యుమార్పిడి విత్తనం వేయకూడదు, అంటే బీటీ కుదరదు. అటు కాసేపు మాట లేదు. "బీటీ గాని ఇత్తనం మన అంగట్ల ఏడున్నదే?" అన్నాడు. బీటీ వేయకపోతే పురుగు సంగతేంటి, మొదటి రెండు మూడేళ్లు దిగుబడి తగ్గితే అప్పు ఎవరు కడతారు అని ఒకదాని వెంట ఒకటి అడిగాడు. పిల్లల బల్ల మీద చాక్లెట్ల నష్టం నేనూ టీచరూ చెరి సగం పెట్టుకున్నట్టు తేలిపోయే లెక్క కాదిది. సూపర్ మార్కెట్‌లో ఆ గుర్తు చూసి వస్తువు బుట్టలో వేయడానికి నాకు రెండు సెకన్లు పడుతుంది. ఆ గుర్తు మా నాన్న చేను దాకా వెళ్లడానికి ఎంతకాలం పడుతుందో ఆ ఫోన్ తర్వాతే కాస్త అర్థమైంది.

ఫెయిర్‌యాక్టివ్ సర్టిఫికెట్ అక్టోబరులో వచ్చింది. ఇప్పుడు మూడో మెట్టు. దానికి బడి ఫెయిర్‌ట్రేడ్ విధానం రాసి గవర్నర్లతో (ఇక్కడ బడి పాలకమండలి సభ్యులను అలా అంటారు) సంతకం చేయించాలి, ఆ సమావేశం జనవరిలో గానీ లేదు. యూనిఫాం దుకాణానికి పత్తి ఎక్కడిదని పిల్లలు రాసిన ఉత్తరానికి పదమూడు రోజుల్లోనే జవాబు వచ్చింది: "అనేక దేశాల నుంచి." దాని కింద మా పాప ఎర్ర పెన్సిలుతో "ఏవి?" అని రాసి మళ్లీ పంపించింది. ఇప్పటిదాకా నా జేబులోంచి పోయింది, బస్సు ఛార్జీలు కాకుండా, 71 పౌండ్లు. గంటలు లెక్కపెట్టడం మానేశాను.

అక్టోబరు నెలాఖరు తుపానుకు అక్కడ చేన్లలో విచ్చిన పత్తి తడిసింది. ఈసారి మద్దతు ధర 8,110 అన్నారు, పత్తి అమ్ముకోవడానికి యాప్‌లో స్లాటు కూడా దొరికింది. పోయిన ఆదివారం ఫోన్ చేస్తే నాన్న దగ్గుతున్నాడు. పత్తిలో తేమ పద్నాలుగు శాతం వచ్చిందట, పన్నెండు దాటితే మద్దతు ధరకు తీసుకోరు. బండి వెనక్కి తిప్పుకుని తెచ్చి డాబా మీద ఆరబోశాడు. పాప ఫోన్ లాక్కుని "తాతా, ఇవాళ ఎంత ఉంది?" అని అడిగింది. "చూడలేదు తల్లీ, మబ్బు వట్టింది" అన్నాడు. అప్పటినుంచి రోజూ బడికి వెళ్లే ముందు నా ఫోన్‌లో ఇచ్చోడ వాతావరణం చూసి వెళుతోంది. నిన్న అక్కడ ఎండ కాసింది.